సిన్న ఒల్లు

బరంపురం పెద్దాసుపత్రి రెండో గేటుకి ఎదురుగా
నా దుకాణం. ఆరడుగుల వెడల్పు.
బోర్డు మీద పైన ఒడియా, గుండ్రంగా;
కింద తెలుగు. పెయింటరు ఒత్తు మరిచిపోతే
సున్నంతో నేనే దిద్దుకున్నాను.
ఇరవయ్యేళ్ళు జాకెట్లు కుట్టాను.
ఇప్పుడు నడుములు కుడుతున్నాను.

చీటీ మీద డాక్టరు రాసేది కార్సెట్.
జనం బెల్టంటారు, పట్టీ అంటారు.
దిగపహండి నుంచి వచ్చినాయన ఒకడు
ఎరువుల కొట్లోకి వెళ్ళి
"కొర్రుసెట్టు ఉందా" అని అడిగాడట.

కొలత తప్పి తిట్లు తిన్న ఒక సాయంత్రం
పాణిగ్రాహి డాక్టరే టీ తాగుతూ చెప్పాడు:
ఎప్పుడో లాటిన్‌లో ఒంటికి ఒక మాట ఉండేదట,
ఫ్రాన్సు వాళ్ళ నోట్లో నాని నాని అరిగిందట,
దాని తోకకి ఇంత ముద్దు అతికించారట,
మనం చిట్టి అనీ బుజ్జి అనీ అన్నట్టు.
"ఛొటొ దేహొ," అన్నాడు. చిన్న ఒళ్ళు.
ఊపిరి తియ్యనివ్వనిదానికి
ఎంత గారాబం పేరు!

దేవాంగుల వీధిలో మా అమ్మమ్మ
రవికని కుబుసం అనేది.
పాము విడిచేదీ కుబుసమే.
పక్కింటి ఒడియా ముసలమ్మ కాంచలా అనేది,
ఇద్దరూ ఒకే పట్టుముక్క పంచుకునేవారు,
ఎవరి మాట వాళ్ళు తొడుక్కునేవారు.
ఒక భాషలో అది ఒంటికి పుట్టిన బిడ్డ,
ఒక భాషలో ఒంటి మీంచి ఊడిన పొర.
నాకు తెలిసింది కత్తెర.

మొన్న మంగళవారం సూరాడ ఎర్రాయమ్మ వచ్చింది,
ఆర్యపల్లి నుంచి, సగం అమ్మిన కవళ్ళ గంపతో.
నలభయ్యేళ్ళు ఆ గంప నెత్తి మీదే.
ఎక్స్‌రేలో ఎముక మీద ఎముక కూర్చుని
కదలనంటోంది.
టేపు చుట్టాను. ముప్పై ఒకటి.
ఊపిరి వదలమంటే ముప్పై.

"ఇందల ఈ ఇనప బద్దలేటి బాబూ?"
నడుం వంగకుండా, అన్నాను.
ఇనుము రాకముందు దొరసాన్ల వాటిల్లో
తిమింగలం నోట్లోని పట్టీలు పెట్టేవారట,
దువ్వెన పళ్ళలా ఉంటాయట, వంగుతాయి, విరగవు,
వాటికోసం ఓడలేసుకుని వేటాడేవారట.

ఆమె నవ్వలేదు.
"నా సిన్నతనాన ఒకటి ఒడ్డుకొచ్చీసింది.
మా అయ్య, ఊరోలు, బిందిల్తోటి నీల్లు పోసినారు
రెండు రాత్రులు.
సముద్రంల ఉన్నంతసేపూ దానికి బరువే తెల్దు.
ఇసక మీదకొచ్చినాక
దాని ఒల్లే దాన్ని నొక్కీసింది."

మిషను ఆపాను.
ఏదో ఒకటి మాట్లాడాలని
డాక్టరు చెప్పిన అర్థం చెప్పాను, చిన్న ఒళ్ళు అని.
"ఉన్న ఒల్లే మొయ్యలేక సత్తన్నాను,
మల్ల ఇంకోటా!" అంది.
తర్వాత కాసేపటికి, ఎవరికో చెప్పినట్టు,
"సిన్న ఒల్లులు నాలుగు మోసినాను.
ఒకటి ఇసకలోనే ఉండిపోయింది."

బకిలు మూడో కన్నానికి బిగించాను.
నిటారుగా నిలబడి గోడ మీది అద్దం కేసి
ఎవరో వచ్చినట్టు చూసింది.
ముడి విప్పి తడి నోట్లు లెక్కపెట్టింది,
ఇరవై తక్కువైతే నాలుగు కవళ్ళు ఆకులో పెట్టింది.

"గంప ఎత్తు."
బరువు మొయ్యొద్దని చీటీలో రాశాడమ్మా, అన్నాను.
"ఒక్కదాన్ని ఉన్నప్పుటి మాట అది.
ఇప్పుడిద్దరం కదేటి," అంది
కొత్త నడుం మీద చెయ్యేసి.

ఎత్తాను.